ఏ దారికి ఏ బ్రేకు?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా పెన్షను గురించి, మెడికల్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ముప్ఫై ఏళ్ళు గ్యారేజీలో బ్రేకుల పని చూశారు, నలుగురికీ పనికొచ్చే మాట నాలుగు చెప్పండి" అన్నారు. నాకు ఉపన్యాసాలు రావు. బ్రేకుల సంగతి మాత్రం కొంత తెలుసు. కనుక తెలిసినదే మనవి చేసుకుంటాను.

ఈ విషయం ఇప్పుడెందుకంటే, మన ఇళ్ళలోకి కార్లు వచ్చాయి. మనం సైకిలు మీద డ్యూటీకి పోయినవాళ్ళం. మన పిల్లలు, మనవలు కార్లు నడుపుతున్నారు. నడపడంతో ఊరుకోవడం లేదు. చక్రాలు మారుస్తున్నారు, సైలెన్సర్లు మారుస్తున్నారు, పెర్ఫార్మెన్స్ ప్యాడ్లని ఎర్రవి, పచ్చవి, నీలివి తెప్పించి బిగిస్తున్నారు. ఆ కారులోనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని శ్రీశైలం పోతారు. కొందరు పిల్లలు అదే కారును చెన్నై దాకా తీసుకుపోయి రేసు ట్రాకు మీద తిప్పి వస్తున్నారు. "ఆర్టీసీలో చేశారు గదా, ఏ ప్యాడ్లు మంచివో చెప్పండి" అని అడిగేది మాత్రం మనల్నే. జవాబు సరిగ్గా చెప్పవలసిన బాధ్యత మన మీద ఉంది, ఎందుకంటే ఆ కారు వెనక సీటులో కూర్చునేది కూడా మనమే.

బ్రేకు చేసే పని

బ్రేకు బండిని ఆపుతుందని అందరం అంటాం. అసలు అది చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. ప్యాడు వచ్చి డిస్కును పట్టుకుంటుంది, లేదా లైనరు వచ్చి డ్రమ్మును ఒరుసుకుంటుంది. ఆ రాపిడిలో వేడి పుడుతుంది, ఆ వేడిని గాలి తీసుకుపోతుంది. గాలి తీసుకుపోయే దానికన్నా పుట్టే వేడి ఎక్కువైతే బ్రేకు అలసిపోతుంది. నేను ఈరోజు చెప్పబోయే సంగతంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది. బ్రేకును బలం చూసి ఎంచుకోకూడదు. ఎంత వేడి దగ్గర సరిగ్గా పనిచేస్తుందో చూసి ఎంచుకోవాలి.

ఇది పాత సంగతే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా 100 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. కొండ దిగుళ్ళలో చెక్క బ్రేకు దిమ్మలు పట్టు తప్పితే, దారిలో ఒక చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి, వాటికి తోలు ముక్కలు కొట్టించింది. అదే మొదటి బ్రేక్ లైనరు అంటారు. తరువాత 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, కొండ దారిలో బండ్లవాళ్ళు బ్రేకు దిమ్మకు పాత బూటు తొడుక్కుని దిగడం గమనించి, దానికన్నా మంచి పదార్థం చేయాలని పూనుకున్నాడు. ఇంటి పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరం కలిపి, తన సరుకుకు ఫెరోడో అని పేరు పెట్టాడు. ఇప్పటికీ ఆ పేరుతో ప్యాడ్లు అమ్ముతున్నారు, రేసు కార్లకు కూడా. చూడండి, ఇద్దరికీ అవసరం పుట్టింది కొండ దిగుడులోనే.

అస్బెస్టాస్ గురించి ఒక మాట

ప్యాడ్ల ఎంపిక లోకి వెళ్ళేముందు మన గ్యారేజీ సోదరులకు ఒక సంగతి చెప్పాలి. మన సర్వీసు కాలంలో దేశమంతటా లైనర్లలో అస్బెస్టాస్ వాడేవారు. వేడికి తట్టుకుంటుంది, చవక. లైనరుకు రంధ్రాలు వేయడం, రివెట్లు కొట్టడం, రాపిడి పట్టి సమం చేయడం, డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్మును ఎయిర్ పైపుతో ఊదడం, ఇదీ మన పని. ఆ దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరుస్తుందని, క్యాన్సరు తెస్తుందని, అది పీల్చిన 20, 30, 40 ఏళ్ళకు కూడా జబ్బు బయటపడవచ్చని వైద్యశాస్త్రం తేల్చింది. ఎవరినీ భయపెట్టడానికి చెప్పడం లేదు. బ్రేక్ పని చేసినవారు విడవని దగ్గు వచ్చినా, ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గర "నేను ఇన్నేళ్ళు లైనర్ల దుమ్ములో పనిచేశాను" అని తప్పకుండా చెప్పండి. మనం చెప్పకపోతే డాక్టరుగారికి తెలిసే దారి లేదు. సిగరెట్ అలవాటున్నవారు మానండి. ఆ రెండూ కలిస్తే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇప్పటి ప్యాడ్ల మీద అస్బెస్టాస్ లేదని రాసి ఉంటుంది. అది చూసే కొనండి. అయినా ఆ దుమ్మును గాలితో ఊదకండి, నోటితో అసలు ఊదకండి. తడిగుడ్డతో తుడవండి, లేదా బ్రేక్ క్లీనర్ కొట్టండి.

వేడి లెక్క

ఇప్పుడు చిన్న లెక్క. బండి వేగం రెండింతలైతే బ్రేకు మింగవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఆగే బండి కన్నా 80లో ఆగే బండికి బ్రేకు దగ్గర నాలుగు రెట్లు వేడి పుడుతుంది. 120లో అయితే తొమ్మిది రెట్లు. బరువు సంగతి వేరు. బరువు రెండింతలైతే వేడి కూడా రెండింతలే.

ఇక దిగుడు లెక్క. ఒక బండి నిలువు కొలతలో 300 మీటర్లు కిందికి దిగిందనుకోండి. ఆ దిగుడంతా బ్రేకు మీదనే దిగితే, ఆ బ్రేకు మింగిన శక్తి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఏడెనిమిది సార్లు పూర్తిగా ఆగినదానికి సమానం. బండి కారైనా, లారీ అయినా ఈ నిష్పత్తి మారదు. మెల్లగా దిగుతున్నాం గదా అని అనుకోవద్దు. మెల్లగా పోతే చక్రాలకు తగిలే గాలి కూడా తక్కువే.

వేడి మితిమీరితే బ్రేకు మూడు విధాలుగా మోసం చేస్తుంది. మొదటిది, ప్యాడులోని జిగురు పదార్థం వేడికి కాలి ఆవిరి వదులుతుంది, పట్టు జారుతుంది. పెడలు గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. రెండోది, బ్రేక్ ఆయిల్ మరిగి అందులో బుడగలు వస్తాయి. అప్పుడు పెడలు స్పంజిలాగా కిందికి పోతుంది. మూడోది డ్రమ్ము బ్రేకులకు సంబంధించినది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకు దూరమవుతుంది, అందుకని ఇంకా లోతుకు తొక్కవలసి వస్తుంది. డిస్కుకు ఈ మూడో జబ్బు లేదు. ఈ మూడింటిలో ఏది వచ్చిందో గుర్తుపడితే మందు తెలుస్తుంది. ఆయిల్ మరిగిన జబ్బుకు ఖరీదైన ప్యాడ్లు వేస్తే తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్టే.

మన దారులు

ఇప్పుడు మన దారుల సంగతి. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మూడు రకాల దారులు ఉన్నాయి.

ఒకటి విజయవాడ హైవే. మనం 9వ నంబరు అని పిలిచినది, ఇప్పుడు 65. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ. ఇక్కడ కార్లు నూరు దాటి పోతాయి. అర్ధగంట సేపు బ్రేకు తొక్కే పనే ఉండదు, ప్యాడ్లు చల్లగా ఉంటాయి. అంతలో ఎదురుగా రాంగ్ రూటులో వడ్ల ట్రాక్టరు వస్తుంది, లేదా డివైడరు సందులోంచి బర్రె దిగుతుంది. ఆ ఒక్క తొక్కుడులో బండి ఆగాలి. అంటే ఇక్కడ కావలసింది చల్లగా ఉన్నప్పుడే మొదటి తొక్కుడుకే పట్టుకునే ప్యాడు.

రెండోది ఊళ్ళలో దారి. దేవరకొండ బజారులోనో, వనపర్తి చౌరస్తాలోనో ఆటోల మధ్య, తోపుడు బండ్ల మధ్య గంటకు వంద సార్లు మెల్లగా తొక్కుతాం. వేడి పెద్దగా పుట్టదు. ఇక్కడ కావలసింది కీచుమనకుండా మెత్తగా పట్టే ప్యాడు.

మూడోది ఘాటు. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. అడవిలో వేగానికి హద్దు ఉంది. అడ్డం వచ్చేది జింకో, ఎలుగుబంటో చెప్పలేం. దోమలపెంట దాటాక కృష్ణ మీది వంతెన దాకా దిగుడు, ఒకదాని వెంట ఒకటి మలుపులు. వంతెన దాటాక మళ్ళీ సున్నిపెంట వైపు ఎక్కుడు. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు దిగుడవుతుంది. మహాశివరాత్రికి స్పెషల్ బస్సులు నడిపిన డ్రైవరన్నలకు ఈ మలుపులు చేతిరేఖల్లాగా తెలుసు. నాగార్జునసాగరులో హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీ వైపు దిగే దారి కూడా చిన్నదే గాని, ఇలాంటిదే.

ఘాటుకు పెర్ఫార్మెన్స్ ప్యాడ్లు కావాలా? నా జవాబు: అక్కర్లేదు. ఘాటుకు కావలసింది గేరు. మన పాత డ్రైవర్లు ట్రైనింగులో నేర్చుకున్న మొదటి పాఠం, ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి అని. ఇంజను బండిని పట్టుకుని ఉంటే బ్రేకుకు పని సగానికి పైగా తగ్గుతుంది. పెడలు మీద కాలు ఆనించి పెట్టుకుని దిగకూడదు. కొంత గట్టిగా తొక్కి వేగం తగ్గించాలి, వదిలి చల్లారనివ్వాలి, మళ్ళీ తొక్కాలి. న్యూట్రల్‌లో వేసి పెట్రోలు ఆదా చేద్దామనుకునేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజను తన కోసం కొంత తాగుతుంది. ఆటోమేటిక్ కార్లలో కూడా కింది గేరు పట్టి ఉంచే మార్గం ఉంటుంది. లివరు దగ్గర ఎల్ అనో, మైనస్ గుర్తో, 2 అనో ఉంటుంది. అది ఎందుకుందో పిల్లలకు చూపించండి.

బరువు సంగతి కూడా మరవకూడదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటులో బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ బస్సులో పట్టవలసిన వారి కన్నా చాలా ఎక్కువ మంది ఉన్నారన్నది లోకానికి తెలిసినదే. ఆ రోజు మన వాళ్ళందరి ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. తప్పొప్పుల విచారణ మన పని కాదు. ఒక్క పాఠం మాత్రం తీసుకోవాలి. కారైనా, బస్సైనా నిండా ఎక్కించి దిగుడుకు దిగేవాడు బ్రేకు కన్నా ముందు గేరును నమ్ముకోవాలి.

ట్రాకు వేరే లోకం

ఇప్పుడు ట్రాకు సంగతి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన రేసు ట్రాకు ఉంది. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. అంతకు ముందు రేసులు షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. మన హైదరాబాదులో కూడా 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున రోడ్లనే ట్రాకుగా మార్చి ఫార్ములా ఇ రేసు జరిపారు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.

ట్రాకు మీద ఏం జరుగుతుంది? 1,200 కిలోల కారు 160 వేగంలో వచ్చి, మలుపు దగ్గర 60కి తగ్గిందనుకోండి. ఆ ఒక్క తొక్కుడులో పుట్టే వేడి, 100 నుంచి పూర్తిగా ఆగినప్పుడు పుట్టే దానికి రెండింతల కన్నా ఎక్కువ. అలాంటి మలుపులు చుట్టుకు మూడు నాలుగు ఉంటాయి. చుట్టు రెండు నిమిషాల చిల్లర. ఆపకుండా పది చుట్లు. చల్లారే వ్యవధి లేదు. మామూలు ప్యాడు సుమారు 300, 350 డిగ్రీల దాకా నమ్మకంగా పనిచేస్తుంది. ట్రాకు మీద డిస్కు అంతకు మించి, ఒక్కోసారి ఎర్రగా మెరిసేటంత వేడెక్కుతుంది. అందుకని ట్రాకు ప్యాడును 600 డిగ్రీల పైన కూడా పట్టు వదలకుండా తయారుచేస్తారు.

అయితే దానికి ఇంకో ముఖం ఉంది. అసలైన రేసు ప్యాడు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టదు. కొన్నింటికి 150, 200 డిగ్రీలు వేడెక్కితే గాని పట్టు రాదు. తెల్లవారుజామున ఇంటి ముందు నుంచి బయలుదేరి, మొదటి చౌరస్తాలో స్కూటరు అడ్డం వచ్చినప్పుడు ఆ ప్యాడు నిద్రలోనే ఉంటుంది. హైవే మీద అర్ధగంట తరువాత బర్రె అడ్డం వచ్చినా అంతే. పైగా కీచుమని అరుస్తుంది, దుమ్ము పోస్తుంది, డిస్కును తినేస్తుంది. రేసు కారులో మేలు చేసేది ఇంటి కారులో కీడు చేస్తుందని చెప్పేది ఇందుకే.

ప్యాడ్లలో రకాలు

ప్యాడ్లు స్థూలంగా నాలుగు రకాలు. ఆర్గానిక్ అనేవి మెత్తనివి, చప్పుడు లేనివి, డిస్కును అరగదీయనివి, ఎక్కువ వేడికి తట్టుకోనివి. సిరామిక్ అనేవి శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటాయి, ఎక్కువ కాలం వస్తాయి. ఆ పేరు వినగానే రేసుకు పనికొస్తాయని అనుకోవద్దు, వీటిలో చాలా వరకు రోడ్డుకోసం చేసినవే. సెమీ మెటాలిక్ అనేవి ఇనుప పీచు కలిసినవి. వేడిని బాగా ఓర్చుకుంటాయి, కొంచెం చప్పుడు, దుమ్ము ఎక్కువ. వేగంగా నడిపే రోడ్డు ప్యాడ్లు, ట్రాకు ప్యాడ్లు చాలా వరకు ఈ జాతివే. సింటర్డ్ అనేవి లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో ముద్దచేసినవి. మోటారు సైకిళ్ళలో ఎక్కువ.

రంగును నమ్మకండి. ఒక కంపెనీ ఎరుపుకు ఒక అర్థం, ఇంకో కంపెనీ ఎరుపుకు ఇంకో అర్థం. కొన్నింటి మీద ఆ రంగు ఒట్టి పెయింటే. నమ్మవలసింది కంపెనీ ఇచ్చే వేడి పరిధి, ప్యాడు అంచున ముద్రించే అక్షరాలు. ఎఫ్.ఎఫ్. అనో, జి.ఎఫ్. అనో రెండక్షరాలు చాలా ప్యాడ్ల మీద ఉంటాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కినప్పటి పట్టు. ఇ అంటే 0.25 నుంచి 0.35 దాకా, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 దాకా, జి అంటే 0.45 నుంచి 0.55 దాకా. రెండో అక్షరం మొదటి దానికన్నా తక్కువైతే, వేడిలో పట్టు తగ్గే సరుకు అని అర్థం. రోడ్డు మీద మామూలు కారుకు ఎఫ్.ఎఫ్. చక్కగా సరిపోతుంది. ఆ అక్షరాలు ప్యాడు మన్నికను గాని, ట్రాకు మీద చివరి చుట్టు దాకా నిలుస్తుందా అన్నది గాని చెప్పవు. దానికి కంపెనీ వేడి పరిధే ఆధారం.

దొంగ సరుకు గురించి హెచ్చరించనక్కర్లేదు, మీకే తెలుసు. పేరున్న కంపెనీ డబ్బా లాంటి డబ్బాలోనే చెక్కపొట్టులాంటి ప్యాడు అమ్ముతారు. తెలిసిన దుకాణంలో బిల్లుతో కొనండి. మన దేశంలోనే మంచి ప్యాడ్లు తయారవుతున్నాయి. రానే వారి బ్రేక్ లైనింగుల కర్మాగారం ఒకటి హైదరాబాదు శివార్లలోని బొల్లారంలోనే ఉంది. రోడ్డు కోసం విదేశీ సరుకే కావాలన్న పట్టింపు అక్కర్లేదు.

మా మనవడి ప్రశ్న

మా మనవడు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరాడు. చిన్న కారు కొన్నాడు. మిత్రులతో ట్రాకుకు పోవాలని వాడి కోరిక. "తాతా, రేసు ప్యాడ్లు వేయిస్తే మన కారు ఇంకా తక్కువ దూరంలో ఆగుతుంది గదా?" అని అడిగాడు.

"ఆగదు బిడ్డా" అన్నాను. "నీ కారుకు ఏబీఎస్ ఉందా?"

"ఉంది తాతా." 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి గదా.

"గట్టిగా తొక్కితే ఏబీఎస్ టకటకమని కొట్టుకుంటుందా?"

"కొట్టుకుంటుంది."

"అయితే నీ ప్యాడ్లకు చక్రాన్ని పట్టి ఆపేంత బలం ఇప్పుడే ఉంది. ఇక ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరు, రోడ్డు. నున్నబడ్డ టైరు మీద ఎంత ఖరీదైన ప్యాడు వేసినా ఉపయోగం లేదు. ప్యాడు మారిస్తే వచ్చే లాభం పదోసారి తొక్కినప్పుడు తెలుస్తుంది, మొదటిసారి కాదు. నీకు పదోసారి గట్టిగా తొక్కే పని ఎక్కడ ఉంది?"

"ట్రాకు మీద."

"అయితే ట్రాకు ప్యాడ్లు ట్రాకు మీదనే వేసుకో."

వాడికి మొదట నచ్చలేదు. ఒకే ప్యాడు రెండింటికీ సరిపోతుందని అమ్మేవాళ్ళు చెబుతున్నారన్నాడు. అలాంటివి ఉన్న మాట నిజమే. చల్లగా ఉన్నప్పుడు కొంత పట్టి, 500 డిగ్రీల దగ్గరదాకా ఓర్చుకునే నడిమధ్య రకాలు వచ్చాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు సరదాగా నాలుగైదు చుట్లు తిరిగేవాడికి అవి చాలు. నెలనెలా పోయి, గడియారం చూసుకుని తిరిగేవాడికి రెండు జతలు ఉండవలసిందే. ఇంటి జత వేరు, ట్రాకు జత వేరు. అక్కడికి పోయాక మార్చుకోవాలి, బయలుదేరేముందు మళ్ళీ మార్చుకోవాలి. మార్చడం గంట పని, చేతకానివాడు ట్రాకు దగ్గర మెకానిక్ చేత చేయించుకోవాలి. ట్రాకు ప్యాడ్లతోనే చెన్నై నుంచి పాలమూరు దాకా తిరిగి రావడం మాత్రం కూడదు. మేం తాతామనవలం కుదుర్చుకున్న ఒప్పందం ఇది: వాళ్ళ అమ్మ, నాయనమ్మ కూర్చునే కారులో ఇంటి ప్యాడ్లే ఉండాలి.

ప్యాడు కన్నా ముందు చేయవలసినవి

ఎవరైనా ప్యాడ్ల కోసం అడిగితే నేను ముందు బ్రేక్ ఆయిల్ గురించి అడుగుతాను. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ పట్టినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చిన తరువాత ఆ కనీసం 155 మాత్రమే. అందుకని రెండేళ్ళకు ఒకసారి మార్చాలి. ట్రాకుకు పోయేవాడు పోయేముందు మార్చాలి. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, డాట్ 5.1 వేరు. పేరు దగ్గరగా ఉందని ఒకదానిలో ఒకటి కలపరాదు. కంపెనీ పుస్తకంలో ఏది రాస్తే అదే పోయాలి.

తరువాత డిస్కు. దాని అంచున గాని మధ్య భాగంలో గాని కనీస మందం అంకె ముద్రించి ఉంటుంది. అంతకన్నా సన్నబడితే మార్చవలసిందే. సన్నని డిస్కు వేడిని దాచుకోలేదు. ప్యాడ్లు ఎప్పుడూ ఒక ఇరుసుకు రెండు వైపులా కలిపి మార్చాలి. ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది ఉంటే తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. క్యాలిపర్ పిన్నులు గట్టిపడ్డాయేమో చూడాలి. చాలామంది ప్యాడు తప్పనుకునేది పిన్ను తప్పే అయి ఉంటుంది.

కొత్త ప్యాడు వేయగానే ఘాటుకు పోకూడదు. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు 60 వేగం నుంచి 15 దాకా ఒక మాదిరిగా తొక్కి తగ్గించాలి. పూర్తిగా ఆపకూడదు. ఇలా ఎనిమిది పది సార్లు. ఆ తరువాత బ్రేకు ముట్టకుండా కొంత దూరం నడిపి చల్లార్చాలి. అప్పుడు ప్యాడు పదార్థం డిస్కు మీద పలచని పొరగా సమంగా అంటుకుంటుంది. పట్టు వచ్చేది ఆ పొర నుంచే. మనం డిపోలో కొత్త లైనర్లు వేసిన బస్సును టెస్టుకు తీసుకుపోయేది ఇందుకే గదా. బ్రేకు బాగా కాగి ఉన్నప్పుడు బండి ఆపి కాలు తొక్కిపెట్టి ఉంచితే, ట్రాకు నుంచి వచ్చిన వెంటనే హ్యాండ్ బ్రేకు లాగితే, ప్యాడు పదార్థం ఒక్క చోటే అంటుకుంటుంది. తరువాత తొక్కినప్పుడల్లా పెడలు దడదడలాడుతుంది. డిస్కు వంకరపోయిందని అందరూ అనుకునేది చాలాసార్లు ఇదే. ఒక జత తీసి ఇంకో రకం జత వేసినా ఈ పొర మళ్ళీ పట్టించవలసిందే.

కరెంటు బండ్ల మాట

చివరగా కరెంటు బండ్లు. 2023 మేలో హైదరాబాదు, విజయవాడల మధ్య ఇ-గరుడ బస్సులు మొదలయ్యాయి. మన నల్గొండ గడ్డ మీదుగానే. ఈ బండ్లలో యాక్సిలరేటర్ వదిలితే మోటారే జనరేటరుగా మారి వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీకి పంపుతుంది. మనం అన్నేళ్ళు వేడిగా గాలిలో కలిపేసిన శక్తిని ఇది దాచుకుంటుంది. నేను చెప్పిన హైదరాబాదు రేసులో పరుగెత్తిన కార్లకు వెనక చక్రాలకు మామూలు బ్రేకులే లేవంటే నమ్ముతారా? ముందూ వెనకా మోటార్లే చాలావరకు ఆపుతాయి. అందుకని కరెంటు కారుకు రోడ్డు కోసం పెర్ఫార్మెన్స్ ప్యాడ్ల అవసరం ఇంకా తక్కువ.

రెండు జాగ్రత్తలు చెబుతాను. ప్యాడ్లకు పని లేక డిస్కులు తుప్పు పడతాయి. అప్పుడప్పుడు ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కి శుభ్రం చేయాలి. రెండోది, బ్యాటరీ నిండా ఛార్జి ఉంటే కరెంటు దాచుకోవడానికి చోటు ఉండదు, మోటారు పట్టు తగ్గుతుంది. కొండ మీద సత్రంలో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పొద్దున్నే దిగుడుకు బయలుదేరేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మిత్రులారా, మొత్తం మాటను మూడు ముక్కల్లో చెబుతాను. రోజూ తిరిగే దారికి చల్లగా ఉన్నప్పుడే పట్టే మంచి మామూలు ప్యాడు, కొత్త ఆయిల్, మంచి టైర్లు. ఘాటుకు అవే ప్యాడ్లు, కింది గేరు. ట్రాకుకు ట్రాకు ప్యాడ్లు, అక్కడికే. రేపు మీ వాకిట్లో ఏ పిల్లవాడైనా ఎర్ర డబ్బా పట్టుకుని వచ్చి "ఇది మంచిదేనా తాతా" అంటే, మంచిదా చెడ్డదా అని చెప్పకండి. "ఏ దారి మీద నడుపుతావు బిడ్డా?" అని అడగండి. ఆ ప్రశ్న అడిగే అర్హత మన చేతుల మసి మనకు సంపాదించి పెట్టింది.

బ్రేకుల గురించి మాట్లాడేవాడు సమయానికి ఆగకపోతే బాగుండదు. సెలవు.